మెడ కొలత

క్లబ్బు తాళాలు ఈ ఏడు నా చేతికొచ్చాయి.
వాటితో పాటే మూడు నూనె డబ్బాల నిండా
పేలిపోయిన ఇత్తడి గొట్టాలు,
లైసెన్సు నకలు ఒకటి,
ట్రిమ్మర్ కొనడానికి పదకొండు వేలు.
కమిటీ తీర్మానం. సంతకాలు ఏడు.

మందు కూరడం క్లబ్బు గదిలోనే, తాళం వెనక.
మెడలు కోయడం మాత్రం ఇంట్లో చేసుకోమన్నారు,
ఖాళీ ఇత్తడికి ఎవరు భయపడతారు?

పేలిన ప్రతిసారీ గొట్టం సాగుతుంది.
వెంట్రుకలో సగం. కంటికి ఆనదు.
నాలుగైదుసార్లు నిప్పు మింగాక
మెడ పొడుగై
తుపాకీ అరలో ఇమడనంటుంది.
కొత్తవి కొనాలంటే ధర వినగానే గురి తప్పుతుంది.

మోటారుది కొందామని నా మనసు.
మీట నొక్కితే చాలు, నిమిషానికి ఇరవై మెడలు.
డాక్టర్ వరహాలరావు గారూ అదే అన్నారు,
"చేత్తో తిప్పేది మన తాతల కాలంది" అని.
పోర్టు లెక్కల్లో పగలంతా కళ్లు పోగొట్టుకునే దాన్ని,
నాకూ నిజమే అనిపించింది.

అయినా జ్ఞానాపురం వెళ్లాను,
రైలు గేటు దాటాక రెండో సందు,
బుగత గురువులు లేతు షాపుకి.
షిప్‌యార్డులో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి
ఎడమ చెవిని అక్కడే వదిలేసి వచ్చిన మనిషి.
రెండు యంత్రాల బొమ్మలూ ఫోన్లో చూపించాను.
అద్దాలు నుదుటికెక్కించి చాలాసేపు చూశాడు.

"మోటారుకి ఆకలి తెల్దమ్మా.
ఎంత పెడితే అంత తినేస్తాది.
సెయ్యైతే సాలంటే సాలంటాది."

బీరువా అడుగునుంచి పాతదొకటి తీశాడు,
చేత్తో తిప్పేది, పిడి చెక్క నల్లబడి ఉంది.
నా బొటనవేలు దాని వీపు మీద పెట్టించి
తను తిప్పాడు.
గరగర. గరగర. గరగర.
ఉన్నట్టుండి నునుపు.
"అదిగో, అక్కడ."
కోయడానికింక ఏమీ మిగల్లేదని
ఇనుము నా వేలికి చెప్పింది.
వినపడని చెవి ఇన్నాళ్లూ
ఎక్కడికి వెళ్లి వింటోందో అప్పుడు తెలిసింది.

నాలుగు వేల ఎనిమిది వందలకి చేతిది కొన్నాను.
మిగిలిన డబ్బు కవర్లో పెట్టి చీటీ రాశాను.
డాక్టరు గారు రెండు వారాలు మాట్లాడలేదు.

ఆదివారం. అన్నం బల్ల అంచుకి బిగించాను,
కింద మడత పెట్టిన పేపరు, పక్కన మిక్సీ.
కిటికీ తెరవకూడదు.
తెరిస్తే సముద్రం రాత్రికి రాత్రే
ఇత్తడి మీద పచ్చటి వేలిముద్రలు వేసిపోతుంది.
ఉక్కలో తిప్పుతున్నాను.
పసుపు రంగు పొట్టు రాలి
చీర కుచ్చిళ్లలో, చపాతీ కర్ర మీద, జుట్టులో.
అత్తయ్య చీపురు పట్టుకుని వచ్చి
"కంసాలి ఇంటి చెత్తలా ఉంది, పారేయకు" అంది,
నిజంగానే ఓ పొట్లం కట్టి దేవుడి అరలో పెట్టింది.

పదహారో గొట్టం దగ్గర కరెంటు పోయింది.
మోటారుదైతే అక్కడే ఆగేది.
నేనూ ఆగాల్సిందే, ఆగలేదు.
చీకట్లో నునుపు దాటిపోయాను.
ఎక్కడో మరలు సడలినట్టున్నాయి, లేక నా మనసు.
కొలత కర్రలో పెట్టి చూస్తే
పొట్టిదైపోయింది. దాన్నిక సాగదీసే విద్య
నిప్పుకి తప్ప ఎవరికీ రాదు.

మేఖల దాన్ని అడిగి తీసుకుంది.
పెదవి కింద పెట్టి ఊదింది, సన్నగా ఈల.
పెట్టెలోంచి ఇంకోటి లాక్కుని అదీ ఊదింది.
"అమ్మా, పొట్టిది కొంచెం ఏడుస్తోంది" అంది.
నాకైతే రెండూ ఒకటే.
హార్బరు వైపునుంచి ఏదో టగ్గు కూసింది,
దానికి బదులుగా మళ్లీ ఊదింది.

కరెంటొచ్చింది.
ఇంకా రెండొందల పన్నెండు.
బొటనవేలు యంత్రం వీపు మీద ఆనించి
పిడి పట్టుకున్నాను.