నడిమి

హాలియాల కరెంటు పోకముందే
పాత లాప్‌టాప్‌కు రిమోట్ తగిలించిన.
మూడో కేబుల్‌కు గానీ గుర్తువట్టలే,
మొదటి రెండూ ఉత్త చార్జింగువి.

పుల్లలు మూలమూలకూ తిప్పి
ఇగ చెయ్యి తియ్యమన్నది తెర.
తీసిన.
డ్రోను ఎడమకే ఒరుగుతున్నది.

సైదమ్మత్త నవ్వింది:
"పదేండ్లు మందుడబ్బా మోసిన
నా బుజం లెక్కనే ఉన్నదే!"

తెరమీది పొలానికి గట్లు లేవు,
కరెంటు తీగెలు లేవు, కొంగలు లేవు.
ఏడుసార్లు కూలగొట్టిన,
రూపాయి పోలే.

ఎనిమిదోసారి అత్త గుంజుకున్నది.
నాట్లేసిన బొటనవేలు
ఒత్తలే,
కుడికి ఎంట్రుకంత ఆనిచ్చింది.
గాలిల నిలవడ్డది.

దించత్తా అంటే
"ఉండు పిల్లా" అనుకుంట
ఆ పరాయి పచ్చికల
సాగర్ కాల్వ ఏ దిక్కుంటదో
ఎతుకుతున్నది.