తొమ్మిదో వేలు

పొద్దుటి నుంచి సోల్డరింగు పొగ పీల్చిన ముక్కు నాది,
ఏ వాసనా ఓ పట్టాన ఆనదు.
అయినా ఆమె కొట్టు మెట్టెక్కగానే తెలిసిపోయింది,
జీడి బట్టీ వాసన.

దమయంతి. పలాసలో పిక్కలు కొట్టే పని.
కొత్త సిమ్ము కావాలంది.
మిషను మీద బొటనవేలు పెట్టింది,
కుయ్యిమని ఎర్ర దీపం.
చూపుడువేలు. మళ్లీ ఎరుపే.

"జీడి రసం తినేసిందన్నా," నవ్వింది,
"ఆముదం రాస్తాం, బూడిద రాస్తాం,
అదేటి, బేగి వదుల్తాదా?"
అదే వేళ్ల గోళ్లకి మాత్రం
నేరేడు రంగు పాలిష్,
ఒక్క పెచ్చూ ఊడకుండా.

ఫోన్లు తుడిచే స్పిరిట్టులో దూది ముంచి ఇచ్చాను.
గోళ్లకి తగలకుండా తుడుచుకుంది.
చల్లగుందంది.
నలుపు కొంచెం దూదికంటింది,
గీతలు మాత్రం తిరిగి రాలేదు.

నా జుట్టు వంక చూసింది.
కాశీబుగ్గ సంతలో కొన్న రాగి రంగు పేకెట్టు,
పెట్టిన రాత్రి తలగడ మీద తల ఆనించలేకపోయాను.
"మండిందా?"
"మండింది."
"బాగానే ఉందిలే."

తొమ్మిదో వేలికి పచ్చ దీపం.
ఎడమచేతి ఉంగరపు వేలు,
పిక్కని ముట్టని వేలు.
ఇద్దరం ఒకేసారి ఊపిరి వదిలాం,
పరీక్ష పాసయినట్టు.

ఆమె వెళ్లాక చూస్తే
మిషను అద్దం మీద చిన్న గోధుమరంగు మరక.
థిన్నరు చుక్క చాలు, పోతుంది.
సీసా మూత తీసి
మళ్లీ పెట్టేశాను.

తర్వాత వచ్చిన ముసలాయనకి
ఎంత నొక్కినా వేలు పడలేదు.
అప్పుడు తుడిచాను.