ఊరికే

మా డోగన్ ఫ్లాట్స్‌కి పేరుంది, ఊరు లేదు.
ముప్పై ఒక్క వేల మందిమి,
ఉత్తరాల మీద మాత్రం పక్క నగరం పేరు రాసుకుంటాం
అద్దెకు తెచ్చిన కోటు తొడుక్కున్నట్టు.
ఇరవై రెండేళ్లుగా ఇక్కడి రోడ్ల గుంటలు పూడ్చేది నేనే.
జీతం కౌంటీది. కౌంటీ ఆఫీసు యాభై మైళ్ల అవతల.
గుంట పడిన రోజుకీ తారు వచ్చిన రోజుకీ మధ్య
ఒక్కోసారి ఒక చలికాలమంత దూరం.

మార్చిలో స్కూలు జిమ్‌లో మీటింగు పెట్టారు,
బాస్కెట్‌బాల్ వల కింద మడత కుర్చీలు వేసి.
నగరం అవుదామా, ఇలాగే ఉండిపోదామా?
కన్సల్టెంటు తెర మీద రంగుల పటం వేశాడు.
అందులో మేం
ఎవరో కాఫీ ఒలికించిన మరకలా ఉన్నాం.

హార్లన్ స్టకీ లేచాడు, చొక్కా నిండా మేక వెంట్రుకలు.
"మొదట చిన్న పన్నే అంటారు.
చిన్నదైనా పన్ను పన్నే,
మొలిచాక కరవకుండా ఉంటుందా?"

మరిసేలా క్విన్యోనెస్ కూర్చునే అడిగింది,
గారేజీలో తమాలెలు ఉడికించి అమ్ముకునే తనకి
కొత్త నగరం లైసెన్సిస్తుందా, తాళం వేస్తుందా అని.
అది కౌన్సిల్ తేలుస్తుందన్నాడు కన్సల్టెంటు.
కౌన్సిల్ ఎక్కడుంది?
ఇంకా లేదు.
అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

చివర్లో డెల్ఫీన్ ఓక్స్.
కాగితం తెచ్చుకుంది కానీ విప్పలేదు.
"లూమిస్ రోడ్డుకి ఫుట్‌పాత్ లేదు.
మా తమ్ముడికి పద్నాలుగేళ్లు.
వాడి క్లారినెట్ పెట్టె గడ్డిలో దొరికింది.
ఎవరినడగాలో తెలుసుకోడానికే పదకొండు ఫోన్లు చేశాను.
నాకు మేయరు అక్కర్లేదు.
తట్టడానికో తలుపు కావాలి,
తిట్టడానికో మనిషి కావాలి."

నేను వెనక వరసలో ఉన్నాను.
ఆ రోడ్డు గురించి మూడుసార్లు రాసి పంపిందీ నేనే,
నాలుగోసారి మానేసిందీ నేనే.
నగరమైతే నా పని ఏ కాంట్రాక్టరుకో పోతుంది.
ఆ మాట ఎవరితో అన్లేదు.
ఓటు కాగితం మీద పెన్ను చాలాసేపు ఆగింది.
ఏ గడిలో దిగిందో
మా ఆవిడక్కూడా చెప్పలేదు.

నలభై మూడు ఓట్లతో పోయింది.
డెల్ఫీన్ తన వాకిట్లో బోర్డు పీకేసింది,
దాని ఇనప కాళ్లు రెండూ నేలలోనే ఉండిపోయాయి.
రోజూ బండిలో వెళ్తూ చూసేవాణ్ణి.

నాలుగో రాత్రి, రెండు దాటాక,
షెడ్డులో మిగిలిన తెల్లరంగు ఎత్తుకెళ్లి
లూమిస్ రోడ్డు అంచుకి మూడడుగులు వదిలి
స్కూలు దాకా ఒక గీత గీశాను.
ఆర్డరు లేదు, సంతకం లేదు.
చెయ్యి వణికిన చోటల్లా గీతా వణికింది.
ఎందుకు చేశావని మా ఆవిడ అడిగితే
ఊరికే అన్నాను.

పొద్దున్నే పిల్లలు దాని లోపల చీమల బారులా నడిచారు.
ఒకడు మాత్రం గీత మీదే,
చేతులు చాచి, తీగ మీద నడిచేవాడిలా.
కార్లు కాస్త జరిగి వెళ్లాయి, కొన్ని.
రంగు గోడ కాదు, నాకు తెలుసు.
వానలకి వెలిసిపోతుంది కూడా.

ఎవరు వేశారని వారం పాటు ఆరా తీశారు.
ఫిర్యాదు ఎక్కడివ్వాలో ఎవరికీ తెలీలేదు.

నిన్న మా గుమ్మంలో కొత్త రంగు డబ్బా ఒకటి.
చీటీ లేదు.
మూత అంచుకి అంటుకుని
రెండు మేక వెంట్రుకలు.