గంజి పెట్టిన సాయంత్రం

కార్డు మీద నా పేరు ముందు
'శ్రీ' అని అచ్చు వేశారు.
ఇన్నాళ్లూ కార్డుల వెనక పెన్సిలుతో
'మైకుసెట్టు ఏడుకొండలు, నాలుగింటికే రావాలి'
అని రాసేవారు.

లాకుల ఇంజనీరు గారి పదవీ విరమణ విందు.
రావులపాలెంలో గట్టు కింద హాలు.
అక్కడ ఏ స్విచ్చు ఎక్కడుందో
చీకట్లో చెప్పగలను.
అతిథిగా కూర్చుంటే ఎలా ఉంటుందో తెలీదు.

అమలాపురం వెళ్లి కోటు కుట్టమన్నాను.
పెచ్చెట్టి సత్తిరాజు టేపు మెళ్లోంచి తీయకుండానే
నన్నూ, అప్పుడే నీళ్లు వదిలిన కాలవనీ,
మబ్బు కమ్మిన జ్యేష్ఠమాసాన్నీ చూశాడు.
"కోటా? ఈ ఉక్కలోనా?
ఆవిరికుడుంలా ఉడికిపోతావు. వద్దు."

బందార్లంక పంచె తీసి పరిచాడు.
"అంచు వేలెడు చాలు.
అరచేతి వెడల్పు జరీ పెళ్లికొడుకుది.
విందు ఇంజనీరు గారిది,
ఆయనకంటే నువ్వు మెరవకు."

చొక్కాకి కొలతలు తీస్తూ తిట్టాడు.
ఊపిరి బిగబట్టకు,
పొట్ట దాచి కొలిపిస్తే
భోజనాల దగ్గర గుండీ సాక్ష్యం చెబుతుంది.
భుజం కుట్టు భుజం మీదే ఆగాలి,
జారితే అన్నగారి చొక్కా,
ఎక్కితే తమ్ముడిది.
జేబులో ఫోను వేలాడేయకు.
అత్తరు పక్కవాడికి తెలియాలి,
పంక్తికంతటికీ కాదు.

ఇంతా చెప్పి
నా కాళ్ల వైపు చూసి ఊరుకున్నాడు.
తర్వాత మెల్లిగా అన్నాడు:
"కింద కూర్చుని విస్తట్లో భోజనమంట.
చెప్పులు గుమ్మం దగ్గరే ఉండిపోతాయి ఏడుకొండలూ,
లోపలికి వచ్చేవి మడమలే."

మూడు రాత్రులు
కొబ్బరినూనెలో పసుపు కలిపి రాశాను.
ఇరవై ఏళ్ల వైర్లు, వెదురు నిచ్చెనలు,
పందిళ్ల కింద బురద
ఆ పగుళ్లలో ఉన్నాయి.
పగుళ్లు పోలేదు.
శుభ్రంగా మాత్రం అయ్యాయి.

మంగతాయి గంజి వార్చి,
గుడ్డలో వడకట్టి, పంచె ముంచింది,
తాగే గంజి గుడ్డలకా అని గొణుగుతూనే.
ఇస్త్రీ అప్పలస్వామి
కొబ్బరిచిప్పల బొగ్గు ఊది,
నీళ్లు చిలకరించి పెట్టె ఆన్చగానే
అత్తెసరు దించిన వాసన వచ్చింది.

కుచ్చిళ్లు మూడుసార్లు పోసి మూడుసార్లు విప్పాను.
"లోపల బెల్టు పెట్టుకో, సిగ్గేం లేదు.
ధైర్యం ఎక్కడ కట్టుకున్నావో
ఎవరూ అడగరు," అంది మంగతాయి.

ఆరున్నరకి హాలు.
నా కాళ్లు వాటంతట అవే
జనరేటరు పక్కన వెనక గేటుకి వెళ్లాయి.
వాచ్‌మన్ బీడీ దాచేసి లేచాడు.
"ఇటు కాదండీ, తమరు ముందు నుంచండి, ఆయ్."
వాడు సింహాద్రి.
పదేళ్లుగా నా దగ్గరే అగ్గిపెట్టె అడుగుతాడు.
నవ్వుదామనుకున్నాను.
గంజి నవ్వనివ్వలేదు.

నిజం చెప్పొద్దూ,
ఆ క్షణం బాగానే అనిపించింది.
నాలుగు మెట్లెక్కేసరికి బాగోలేదు.

సన్మానపత్రం చదువుతుంటే మైకు కూత పెట్టింది.
ఎవడో కుర్రాడు, బెదిరిపోయి,
ఉన్న మరలన్నీ తిప్పేస్తున్నాడు.
నా చెయ్యి లేచింది.
కండువా సర్దుకున్నట్టు చేసి
రెండు వేళ్లతో, కిందికి, అని చూపించాను.
వాడు చూశాడు. కూత ఆగింది.
ఇంకెవరూ చూడలేదు.

మర్నాడు సత్తిరాజు మెషీను ఆపి అడిగాడు:
"ఎవరైనా ఏమైనా అన్నారా?"
"లేదండీ. బట్టల సంగతి ఎవరూ ఎత్తలేదు."
"అమ్మయ్య," అని
సూదిలో దారం ఎక్కించుకున్నాడు.
కాసేపాగి, కళ్లజోడు మీంచి,
"మరి కండువా మీద ఆ పసుపేంటి?"

పనసపొట్టు కూర.
వడ్డనకి మనుషులు చాలక
సింహాద్రి చేత గిన్నె పట్టించారు.
వంగి వడ్డిస్తూ
మఠం వేసుకున్న నా మడమలు చూశాడు,
మొహం కేసి చూశాడు,
మళ్లీ మడమలు చూశాడు.
"ఓరి, నువ్వట్రా!" అని
భుజం మీద ఒక్కటి చరిచాడు,
ఆ చేత్తోనే.