తాడాసనం

చేతులు లేపుమన్నది నస్రీన్ బిడ్డ.
నకిరేకల్ దవాఖాన ఎనక రేకుల షెడ్డు,
పొద్దుగాల ఆరుంబావు.
పదకొండు మందిమి నిలబడ్డం:
షుగరోళ్లు, బీపోళ్లు,
నాట్లేసి నాట్లేసి నడుములు పోయిన ఆడోళ్లు.
చెట్టు మీదికెల్లి పడ్డోన్ని నేనొక్కన్నే.

"దీని పేరు తాడాసనం" అన్నది.
నాకు నవ్వొచ్చింది.
బుజంల మూడు ఇస్క్రూలు గూడ కదిలినయి.

తాడు సంగతి నాకు చెప్తున్నవా బిడ్డా,
నలభై ఏండ్లు
గుజిల కాళ్లు వెట్టి, ముత్తాదుకు నడుము అప్పజెప్పి
గెల కాడికి రెండు చేతులు సాపినోన్ని.
ఉల్లిపొరంత చెక్కు తీసేటప్పుడు
ఊపిరి నాది కాదు, కత్తిది.

"మడిమలు లేపుర్రి. గాలి పీల్చుకుంట, పైకి."
ఎడమ చెయ్యి చెప్పకముందే లేచింది.
కుడిది చెవి దాకా వచ్చి ఆగింది,
బాకీ ఉన్నోని ఇంటి ముంగట
మనిషి ఆగినట్టు.

ఎత్తుతోని కష్టం లేదు నాకు.
రొమ్ముకు ఆనుకునే చెట్టే లేదిక్కడ.
ఎనకకు వాలితే పట్టే మోకు లేదు.
కాళ్ల కింద సల్లటి గచ్చు,
గచ్చు మీద నీలం చాప.
ఇంత కింద నిలబడి
పడిపోతనేమోనని ఏనాడు భయపడలె.

"కండ్లు మూసుకోర్రి."
మూసుకున్న.
సూర్యాపేట తొవ్వ మీద లారీలు చీమలోలె,
మూసీ కాలువ ఒక తెల్లగీత,
ఎవల్దో పొయ్యి పొగ,
లొట్టి అంచు మీద రెండు తేనెటీగలు.
నా మణికట్టు దానంతటదే తిరిగింది.
"చేతులు ఆడియ్యొద్దు తాతా" అన్నది నస్రీన్.
ఆడియ్యలే బిడ్డా, గీస్తున్న.

పది ఊపిర్లు లెక్కవెట్టుమంటది.
నాకు ఆరో ఊపిరి కాడ అదే యాదికొస్తది:
మోకు తెగలేదు.
ఊరంత మోకు తెగిందనే అనుకున్నది.
కాయితం మీద గూడ అట్లనే రాయించిన,
ఏలిముద్ర గూడ వేసిన.
పానం లేని దానికి పరువెందుకని
తప్పంతా దాని మీదికి తోసిన.
జేబుల ఫోన్ మోగింది,
ఒక చెయ్యి తీసిన.
గంతే.
ఎవరు చేసిన్రో గూడ ఇప్పటికీ చూడలె.

"నిదానంగ దించుర్రి."
దించుడే నాకు రాదు.
దిగుడంటే ఎప్పుడూ
నిండిన లొట్టి నడుముకు తగులుతుండె.
ఉత్త చేతులు ఇంత బరువుంటయా?

ఇంటికి పోంగ పోంగ
ఇరవైమూడో నెంబరు తాడు కింద నిలబడ్డ.
నా చెట్టే. ఇప్పుడు లింగస్వామి ఎక్కుతుండు,
మా తమ్ముని కొడుకు.
పైన మట్టల నడుమ వాని మడిమలు కనవడుతున్నయి.
"ఏంది పెద్దబాపు?" అన్నడు, కిందికి చూడకుంటనే.

చెయ్యి లేపిన.
ఏ చెయ్యి లేచిందో చూస్కోలె.
"ఫోన్ కింద వెట్టి ఎక్కినవారా?"