అన్నిటికీ ఒక్కటే

కోఠి, గుజరాతీ గల్లీల
మెట్ల కింద దుకాణం.
"ఆరు డబ్బాలకు ఒక్కటే రిమోట్ సాబ్,
ఆంఖ్ బంద్ జేస్కొని తీస్కపోండ్రి"
అన్నడు ఇలియాస్ భాయ్.
మూడొందల ఎనభై. బేరమాడితే పది తగ్గించిండు,
సెల్లులు మాత్రం ఇయ్యలే.

ఇంట్ల నాలుగు రిమోట్లకు
రబ్బర్ బ్యాండేసి బీరువ మీద పెట్టిన,
రిటైరైనోళ్లకు శాలువ కప్పినట్టు.

ఇగ మొదలైంది.
చీమ తలకాయంత అక్షరాల కాయితం,
ఒక్కొక్క కంపెనీకి పదిహేను నంబర్లు.
సున్నా నాలుగు ఒకటి ఏడు:
టీవీ కండ్లు తెరిచింది, ఆంప్లిఫయర్ కండ్లు మూసింది.
ఆంప్లిఫయర్‌ను లేపితే
సెట్‌టాప్ బాక్సు అలిగి కూసున్నది.
పాలోళ్లను ఒక్క బంతిల కూసోబెట్టిన పెద్దమనిషి లెక్క
ఒకన్ని బుదగరిస్తుంటే
ఇంకొకడు ఇస్తరి ముంగటికెళ్లి లేశిపోతున్నడు.

సౌండ్ పెంచుమంటే భాష మారుస్తది.
ఎనుక స్పీకర్లల వాన దంచుతున్నది,
ముంగట తెర మీద ఎర్రటెండ.
మా హంసిని పుస్తకంల నుంచి తల ఎత్తకుంటనే అన్నది:
"లేశి నొక్కొచ్చు గద డాడీ, నాలుగడుగులే."
నాలుగడుగులు నడిచేదానికైతే
లక్షా పదివేలు పోసి
హోం థియేటర్ ఎందుకు బిడ్డా!

శనివారం రాత్రి
కోపం పట్టలేక కిటికీ దిక్కు తిప్పి నొక్కిన.
చిక్కడపల్లిల మా గల్లీ ఎంత సన్నగుంటదంటే
ఎదురింట్ల పోపేస్తే మా ఇంట్ల తుమ్ములు.
అవతల రెండో అంతస్తుల
పరాంకుశం సారు పాత డబ్బా టీవీ
టక్కున ఆరిపోయింది.

మళ్ల నొక్కిన. వెలిగింది.
ఛానల్ మార్చిన. మారింది.
నా పైసల సామాను ఏనాడూ విననంత బుద్ధిగ
పరాయి టీవీ నా మాట వింటున్నది.
సారు లేశి దాని నెత్తి మీద రెండు సరిచిండు.

తెల్లారి ఇరానీ హోటల్ల ఆయనే అన్నడు:
"మా టీవీకి దయ్యం పట్టింది నాయనా,
వార్తలు పెడితే వంకాయ కూర చూపిస్తది."
నా ఉస్మానియా బిస్కెట్ విరిగి చాయ్‌ల పడ్డది.
చెప్పలే.

బీరువ మీది నలుగురు మళ్ల డ్యూటీకొచ్చిండ్రు.
సోఫ మీద వరుసగ పండుకుంటరు,
ఏది దేనిదో నా బొటనవేలికెరుక.

కొత్తది కిటికీ గూట్ల ఉన్నది.
పన్నెండు దాటినంక
సారు కుర్చీలనే నిద్రపోతడు, నోరు తెరిచి,
నీలం వెలుగు మొఖం మీద కొట్టుకుంటుంటది.
నేను మా లైటు బంద్ జేశి, రెక్క కొంచెం తెరిచి
సౌండ్ ఒక్కొక్క గీత తగ్గించుకుంట పోయి,
ఆఖరికి
ఎర్ర బటన్.

మొన్న సెల్లులైపోయినయ్.
పన్నెండున్నరకు చెప్పులేసుకొని
ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాక నడిచిన.