తీసిన చోట

కొత్త ప్లగ్గులు నాలుగూ వేసిన మర్నాటి నుంచే
మా వ్యానుకి గుటక పడటం మొదలైంది.

కిందికి లా పాజ్‌లోకి దిగేటప్పుడు ఏమీ లేదు,
దిగుడులో ఏ బండైనా బుద్ధిమంతురాలే.
తిరిగి ఎల్ ఆల్టో ఎక్కేటప్పుడే
క్లెటో మామయ్య ఆక్సిలరేటర్ మీద కాలు మోపుతాడు,
బండి వింటుంది,
మింగాలో ఉమ్మాలో తెలీని మందుబిళ్ళలా
ఆ మాటని నాలుక మీదే ఉంచుకుని
అప్పుడు, ఒక్క కుదుపుతో, కదుల్తుంది.

నా పని తలుపు పట్టుకుని పేటల పేర్లు కేకేయడం.
"సేహా, సేహా, రియో సెకో, వియా అదె..."
గుటక.
మిగతా సగం పేరు పళ్ళకి తగిలి లోపలే పడిపోతుంది.
ఎండబెట్టిన బంగాళాదుంపల మూటతో ముసలావిడ
ఒక చేత్తో తన టోపీని, ఒక చేత్తో నా మోచేతిని పట్టుకుని
"నత్తి నీకా పిల్లా, బండికా?" అంది.
వ్యానంతా నవ్వింది. మామయ్య నవ్వలేదు.

పెట్రోల్లో నీళ్ళు కలిపారన్నాడు.
బంకు మార్చాం.
నాలుగు వేల మీటర్ల ఎత్తు, గాలే పల్చన అన్నాడు.
"మొన్నటిదాకా ఇదే గాలి కదా" అన్నాను,
ఆ రోజు నా కూలి ఆలస్యంగా ఇచ్చాడు.
ఆఖరికి ప్లగ్గులమ్మిన ఎర్లిందా మీద పడ్డాడు,
నకిలీ సరుకు అంటగట్టిందని.
కొత్త ఒక వింత అన్నవాళ్ళెవరో
ఈ ఏటవాలు ఎక్కి చూసినట్టు లేరు.

శనివారం అన్నీ విప్పాం.
రేకు పెట్టి సందులు కొలిచాను,
నావి పదిహేడేళ్ళ కళ్ళు, ఆయనవి కావు.
పింగాణీ మీద గీత కూడా లేదు.
ఒకటి, మూడు, నాలుగు, రెండు,
తీగలు ఏ వరసలో ఉండాలో ఆ వరసలోనే ఉన్నాయి.
సార్డీన్ల డబ్బాలో దాచిన పాత ప్లగ్గులు తెచ్చి
నల్లటి మూతులు తుడిచి మళ్ళీ బిగించాడు.
ఏటవాలు ఎక్కాం.
గుటక.

దిగివచ్చాక చాలాసేపు స్టీరింగు మీంచి చేతులు తీయలేదాయన.
ఎర్లిందాని ఏమేం అన్నాడో నేను విన్నాను.
విన్నట్టు ఉండలేదు.

రాత్రి పక్కింటి ఫెలీసా వచ్చింది,
మోటార్లు చుట్టే మనిషి, శాలువాలో చేతులు దాచుకుని.
"దీపాలన్నీ ఆర్పండి. బట్టల మీద చల్లే నీళ్ళ సీసా తే."
చీకట్లో ఇంజను తిరుగుతోంది,
నేను పొగమంచంత సన్నగా నీళ్ళు కొట్టాను.
ఏమీ లేదు. ఏమీ లేదు.
మూడో తీగ దగ్గర
రబ్బరు తొడుగు చిరుగులోంచి
ఒక నీలం చీమ ఇనుము మీదికి దూకింది.
మళ్ళీ. మళ్ళీ.
లోపల పెట్రోలుని అంటించాల్సింది
బయట మా ముగ్గురికి కనబడుతూ కారిపోతోంది.

ఇంత అందంగా ఉంటుందనుకోలేదు, తప్పు.

"ఎట్లా పీకావు?" అంది ఫెలీసా.
"తొడుగు పట్టి తిప్పి తీశావా, తీగ పట్టి లాగావా?"
ఆయన చీకట్లోనే జవాబు చెప్పాడు:
"వేడిగా ఉంది. రాలేదు. లాగాను."

వేసిన నాలుగింటినీ వారం పాటు తిట్టాం.
చెడింది తీసిన చోట.

నల్ల టేపు చుట్టి ఆదివారం గడిపాం.
సోమవారం పొద్దున తీగల కోసం ఎర్లిందా కొట్టుకి
తను వెళ్ళకుండా నన్ను పంపాడు,
ధర మీద ఐదు బొలీవియానోలు ఎక్కువే ఇచ్చి,
"చిల్లర అడక్కు" అని.
ఆవిడ చిల్లర లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది.
ఏమీ అనలేదు.

మధ్యాహ్నం ఏటవాలు మీద, తలుపు పట్టుకుని,
"వియా అదేలా!" అని అరిచాను,
పేరు చివరిదాకా వచ్చింది, చివర్లో కాస్త సాగదీశాను కూడా.
ఎవరూ తల తిప్పలేదు.
ఆ ముసలావిడ ఆ రోజు ఎక్కలేదు.